తిరస్కరణ తరువాత మళ్లీ రాయాలా? పరిశోధన నిధులపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోటీ ద్వారా మంజూరయ్యే పరిశోధన నిధుల గురించి విశ్వవిద్యాలయాల అధ్యాపకుల నుంచి, ఇతర సిబ్బంది నుంచి ఈ శీర్షికకు కొంతకాలంగా ఉత్తరాలు వస్తున్నాయి. ఒకే సందేహాన్ని అడిగినవాటిని కలిపి, కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. దేశాన్ని బట్టి నిధుల సంస్థలూ వాటి నియమాలూ మారతాయి. దరఖాస్తు చేయాలా వద్దా అని తటపటాయించేవారి ఇబ్బందులు మాత్రం ఎక్కడైనా ఇంచుమించు ఒక్కటే.

ప్రశ్న: నేను ఒక విజ్ఞానశాస్త్ర శాఖకు అధ్యక్షురాలిని. నిధుల ప్రకటన వెలువడిన ప్రతిసారీ అందరికీ సర్క్యులర్ పంపుతాను, శాఖ సమావేశంలోనూ గుర్తుచేస్తాను. అయినా ఎప్పుడూ దరఖాస్తు చేసే ఇద్దరు ముగ్గురే మళ్లీ చేస్తున్నారు. మిగిలినవారిని ఎలా ప్రోత్సహించాలి?

జవాబు: మీ శాఖలో దరఖాస్తు చేయనివారు ప్రకటన సంగతి తెలియక ఆగిపోయినవారు కారు. కాబట్టి సర్క్యులర్‌ను ఎన్నిసార్లు పంపినా ఫలితం మారదు. వారిని ఆపుతున్న కారణాలు సాధారణంగా మూడు ఉంటాయి: సమయం లేకపోవడం, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోవడం, నిధి రాకపోతే తోటివారి ముందు చిన్నబోతామన్న భయం.

వీటిలో మొదటిది అన్నిటికంటే బరువైనది. ఆస్ట్రేలియాలో వైద్య పరిశోధన నిధుల కోసం 2012లో జరిగిన ఒక విడత పోటీని అక్కడి పరిశోధకులు లెక్కగట్టారు. ఆ విడతలో వచ్చిన 3,727 దరఖాస్తులను తయారుచేయడానికి శాస్త్రవేత్తలు మొత్తం సుమారు 550 పని సంవత్సరాలు వెచ్చించారని, కొత్తగా రాసిన ఒక్కొక్క ప్రతిపాదనకు సగటున 38 పనిదినాలు పట్టాయని తేలింది. మీ శాఖలోని అధ్యాపకులకు తరగతులు, పరీక్షాపత్రాల మూల్యాంకనం, పీహెచ్‌డీ విద్యార్థుల పర్యవేక్షణ, కమిటీ సమావేశాలు పోగా అన్ని దినాలు ఎక్కడ మిగులుతాయో ఒకసారి ఆలోచించండి. సెలవుల్లోంచి, రాత్రి నిద్రలోంచి తీసి ఇవ్వవలసి వస్తుంది. ఇంటి బాధ్యతలు ఎక్కువగా ఉన్నవారు అలా తీసి ఇవ్వలేరు, అందుకే వారు దరఖాస్తు చేయరు. వారికి ఆసక్తి లేదని మనం పొరపడుతుంటాం.

అందువల్ల మీరు చేయగలిగిన మొదటి పని, ఫలానా గడువుకు ప్రతిపాదన రాస్తానని ముందుకు వచ్చినవారికి ఒక సెమిస్టర్ పాటు ఒక కోర్సు తగ్గించడం. తగ్గించిన ఆ కోర్సును మరొకరి నెత్తిన ఊరికే వేయకండి. దానిని తీసుకున్నవారి పనిని కూడా వార్షిక మదింపులో నమోదు చేయండి, లేకపోతే ఒకరికి ఇచ్చిన ప్రోత్సాహం మరొకరికి శిక్ష అవుతుంది.

రెండవ పని, అందరినీ కలిపి చెప్పడం మాని ఒక్కొక్కరితో విడిగా మాట్లాడడం. “మీరూ దరఖాస్తు చేస్తే బాగుంటుంది” అన్న మాట ఎవరినీ కదిలించదు. “మీ కిందటి వ్యాసం చివర ఒక ప్రశ్నను వదిలేశారు కదా, దానికి జవాబు తేల్చాలంటే మీకు ఏ పరికరం కావాలి, ఎవరి సహాయం కావాలి, ఎన్నాళ్లు పడుతుంది?” అని అడిగి చూడండి. ఆ జవాబు చెబుతున్నప్పుడే వారి ప్రతిపాదనలో సగం బయటికి వస్తుంది. ఒకరి పనిని చదివి, గుర్తుంచుకుని, దాని గురించి అడగడం కంటే పెద్ద ప్రోత్సాహాన్ని నేను ఏ విశ్వవిద్యాలయంలోనూ చూడలేదు.

మూడవది, నిధులు గెలిచిన ప్రతిపాదనలతో పాటు తిరస్కరణకు గురైన ప్రతిపాదనలను, వాటిని చదివి మార్కులు వేసే సమీక్షకులు రాసిన వ్యాఖ్యలను కూడా రచయితల అనుమతితో శాఖలో అందుబాటులో ఉంచండి. ఇందుకు మొదట ముందుకు రావలసినవారు మీ శాఖలోని సీనియర్ ప్రొఫెసర్లు. పేరున్న పరిశోధకుల ప్రతిపాదన మీదా కటువైన వ్యాఖ్యలు వచ్చాయని కళ్లారా చూసినప్పుడు, కొత్తవారిని ఆపుతున్న మూడవ కారణం, అంటే చిన్నబోతామన్న భయం, తగ్గడం మొదలవుతుంది.

ఏడాదికి ఇన్ని దరఖాస్తులు పంపాలని శాఖకు లక్ష్యం పెట్టవద్దని మాత్రం గట్టిగా కోరుతున్నాను. లెక్క కోసం రాసిన ప్రతిపాదనలు రాసినవారి కాలాన్నీ, చదివినవారి కాలాన్నీ తినేస్తాయి. అమెరికాలో పరిశోధనలకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ భూవిజ్ఞానానికి సంబంధించిన కొన్ని పథకాలలో గడువు తేదీలను తొలగించి, ఎప్పుడైనా పంపుకోవచ్చని ప్రకటించినప్పుడు, వచ్చే ప్రతిపాదనల సంఖ్య సగానికి పైగా పడిపోయింది. అంతకుముందు వచ్చినవాటిలో చాలా భాగం, ఆలోచన పండినందువల్ల కాక తేదీ ముంచుకొచ్చినందువల్ల రాసినవని దీనినుంచి ఊహించుకోవచ్చు.

జీవరసాయన శాస్త్రవేత్త కాటలిన్ కరికో ఉదంతాన్ని కూడా ఇక్కడ చెప్పాలి. కణాలకు ప్రోటీన్ తయారీ సూచనలను మోసే ఎంఆర్‌ఎన్‌ఏ అణువు మీద ఆమె రాసిన ప్రతిపాదనలకు ఏళ్ల తరబడి నిధులు దొరకలేదు, 1995లో ఆమె ఉద్యోగ స్థాయిని తగ్గించారు, 2023లో అదే పరిశోధనకు సహ పరిశోధకుడు డ్రూ వైస్‌మన్‌తో కలిసి నోబెల్ బహుమతి వచ్చింది. ఈ ఉదంతాన్ని యువ పరిశోధకులకు పట్టుదల నేర్పడానికి వాడుతుంటారు. నా దృష్టిలో అది శాఖాధ్యక్షులు, డీన్లు చదువుకోవలసిన హెచ్చరిక. నిధి రానంత మాత్రాన ఆ మనిషి పనికి విలువ లేదని సంస్థ తీర్మానించుకుంటే, ఇక ఆ సంస్థలో దరఖాస్తు చేయడానికి ఎవరికి ధైర్యం వస్తుంది?

ప్రశ్న: అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరిన తరువాత తొలిసారి ఒక పెద్ద నిధికి దరఖాస్తు చేశాను. కొద్ది తేడాతో తప్పిపోయింది. ఒక సమీక్షకుడు ఆలోచన కొత్తగా ఉందని మెచ్చుకున్నారు, మరొకరు ఇందులో కొత్తదనమే లేదన్నారు. ఇక దీని జోలికి వెళ్లకుండా ఉన్నంతలో చిన్న పనులు చేసుకుంటే మేలనిపిస్తోంది. మీరేమంటారు?

జవాబు: మీరు మళ్లీ రాయాలని అంటాను. మిమ్మల్ని ఊరడించడానికి చెబుతున్న మాట కాదిది, దీనికి ఆధారాలున్నాయి.

నెదర్లాండ్స్‌లో యువ పరిశోధకులకు ఇచ్చే నిధుల వివరాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. నిధి ఎవరికి ఇవ్వాలో తేల్చే మార్కుల గీతకు కాస్త పైన నిలిచి నిధి పొందినవారినీ, గీతకు కాస్త కింద ఆగిపోయినవారినీ ఆ పరిశోధకులు పోల్చి చూశారు. రెండు వర్గాల ప్రతిపాదనలకు సమీక్షకులు వేసిన మార్కులు దాదాపు సమానం. అయినా తరువాతి ఎనిమిదేళ్లలో పైన నిలిచినవారు సంపాదించిన పరిశోధన నిధులు, కింద ఆగినవారికి వచ్చినవాటికి రెట్టింపు కంటే ఎక్కువ. ఈ అంతరానికి వారు గుర్తించిన కారణాలలో ఒకటి మీ ఉత్తరంలోనే ఉంది: ఒకసారి తప్పిపోయినవారిలో చాలామంది తరువాతి పోటీలకు దరఖాస్తు చేయడమే మానుకున్నారు. అంటే ఆ అంతరంలో కొంత భాగం సమీక్షకులు సృష్టించినది కాదు, దరఖాస్తుదారులే తప్పుకోవడం వల్ల వచ్చింది.

అమెరికాలో వైద్య పరిశోధనలకు నిధులిచ్చే నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ సంస్థకు 1990 నుంచి 2005 వరకు వచ్చిన దరఖాస్తులపై మరో బృందం 2019లో ఇలాంటి పరిశీలనే ప్రచురించింది. కొద్దిలో నిధి తప్పిపోయిన యువ శాస్త్రవేత్తలలో కొందరు ఆ వ్యవస్థనుంచి పూర్తిగా కనుమరుగయ్యారు, ఇది నిజంగా బాధాకరమైన విషయం. కానీ నిలిచి కొనసాగినవారు తరువాతి పదేళ్లలో, కొద్దిలో గెలిచినవారి కంటే ఎక్కువ ప్రభావం చూపిన వ్యాసాలు రాశారు. బలహీనులు తప్పుకోగా బలవంతులే మిగిలారు కాబట్టి అలా కనిపిస్తోందా అన్న సందేహాన్ని కూడా వారు పరీక్షించి, అదొక్కటే కారణం కాదని తేల్చారు.

ఇక మీ ఇద్దరు సమీక్షకుల సంగతి. వారు పరస్పర విరుద్ధంగా రాయడం మీ ప్రతిపాదనకు మాత్రమే జరిగిన అన్యాయం కాదు. అదే అమెరికా సంస్థకు అందిన 25 దరఖాస్తులను 43 మంది సమీక్షకులకు ఇచ్చి చూసినప్పుడు, ఒకే దరఖాస్తుకు వేర్వేరు సమీక్షకులు ఇచ్చిన మార్కుల మధ్య ఉన్న పోలిక, వేర్వేరు దరఖాస్తులకు ఇచ్చిన మార్కుల మధ్య ఉన్న పోలిక కంటే ఎక్కువేమీ లేదని 2018లో వెల్లడైంది. మంచి ప్రతిపాదనలలో ఏది ఉత్తమమో తేల్చడం అంత కష్టమైన పని. అందువల్ల ఒక్క తీర్పును మీ సామర్థ్యానికి కొలమానంగా తీసుకోవడం శాస్త్రీయ దృష్టితో చూసినా సరికాదు. ఒకే ఒక్క కొలత మీద ఆధారపడి మీరు మీ ప్రయోగశాలలో ఏ నిర్ణయమూ చేయరు కదా.

ఇప్పుడు చేయవలసిన పని చెబుతాను. వ్యాఖ్యలను కొద్ది రోజులు పక్కన పెట్టి, మనసు కుదుటపడ్డాక మళ్లీ చదవండి. సమీక్షకుడు మీ మాటను అపార్థం చేసుకున్నాడని అనిపించిన ప్రతిచోటా, మీ ప్రతిపాదనలో ఆ వాక్యాన్ని వెతికి చూడండి, ఎక్కువసార్లు అక్కడ మీరు చెప్పదలచుకున్నది మీ మనసులోనే ఉండిపోయి ఉంటుంది. కొత్తదనం విషయంలో ఇద్దరూ విభేదించారంటే, ఇంతవరకు జరిగిన పనికీ మీ పనికీ తేడా ఏమిటో మొదటి పుటలో సూటిగా చెప్పలేదని అర్థం. ఒకరు ఆ తేడాను తామే ఊహించుకున్నారు, మరొకరు ఊహించుకోలేదు. పద్ధతి మీద వచ్చిన అభ్యంతరాలను మాత్రం నిజాయితీగా తూచి, సరైనవైతే ప్రణాళికనే మార్చండి. ఆ తరువాత నిధుల సంస్థలోని కార్యక్రమ అధికారికి రాసి, సవరించి పంపడం మేలా, వేరే పథకానికి పంపడం మేలా అని అడగండి. చాలామంది ఈ అధికారులను సంప్రదించడానికి సంకోచిస్తారు, కానీ అలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పడం వారి విధుల్లో భాగమే.

నియమాలనూ చూసుకోండి. ఐరోపా పరిశోధన మండలి వంటి సంస్థలు తక్కువ గ్రేడు వచ్చినవారిని కొంతకాలం వరకు మళ్లీ దరఖాస్తు చేయనివ్వవు. ఇంకొన్ని సంస్థలు సవరించిన ప్రతిపాదనతో పాటు పాత వ్యాఖ్యలకు సమాధానాన్ని కూడా కోరతాయి. ఆ సమాధానంలో వాదన వద్దు, ఏ పుటలో ఏం మార్చారో చెబితే చాలు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో తొలిసారి వచ్చిన ప్రతిపాదనల కంటే సవరించి పంపినవాటికి మంజూరు శాతం స్పష్టంగా ఎక్కువగా ఉంటుంది. పైగా నేను ముందు చెప్పిన ఆస్ట్రేలియా లెక్కల్లో, మళ్లీ పంపిన ప్రతిపాదనలకు సగటున పట్టింది 28 పనిదినాలే. మీరు మొదటిసారి పడిన శ్రమలో పెద్ద భాగం ఇంకా మీ చేతిలోనే ఉంది.

ప్రశ్న: నేను చరిత్ర బోధిస్తాను. నా పరిశోధనకు పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. నిధుల కోసం పోటీ పడవలసిన అవసరం మాబోటివారికి ఉందా?

జవాబు: ఉంది, మీకు కావలసినది సమయం కాబట్టి. దస్తావేజుల భాండాగారాల్లో నెలల తరబడి కూర్చోవడానికి ప్రయాణ ఖర్చు, మీ తరగతులు తీసుకోవడానికి తాత్కాలిక అధ్యాపకుడి జీతం, ప్రతుల డిజిటలీకరణ, లిప్యంతరీకరణకు ఒక పరిశోధన సహాయకుడు, ఇవన్నీ బడ్జెట్‌లో న్యాయంగా అడగదగిన పద్దులే. మానవీయ శాస్త్రాలవారు తరచూ తక్కువ అడుగుతారు, తక్కువ అడిగితే సులభంగా ఇస్తారన్న నమ్మకంతో. చేయవలసిన పనికి సరిపోని బడ్జెట్ చూసిన సమీక్షకుడికి, పని ఎంతో మీకు అంచనా లేదన్న అనుమానం కలుగుతుంది. చిన్న నిధులతో మొదలుపెట్టడం మంచిదే కానీ, వాటిలోనూ పని పరిమాణాన్నీ అడిగే మొత్తాన్నీ ఒకదానికొకటి సరిపోయేలా చూసుకోండి.

ప్రశ్న: ప్రతిపాదన రాయడం వ్యాసం రాయడం లాంటిదేనా? నాకు వ్యాసాలు రాయడం బాగానే వచ్చు, ప్రతిపాదన మాత్రం మొదటి పేరా దాటడం లేదు.

జవాబు: వ్యాసం జరిగిపోయిన పని గురించి అదే రంగంలోని వారికి చెబుతుంది. ప్రతిపాదన జరగని పని గురించి, చాలాసార్లు మీ రంగానికి పక్కన ఉన్నవారికి చెప్పాలి. మీ దరఖాస్తును చదివే ప్యానెల్ సభ్యులు అదే వారంలో మరెన్నింటినో చదువుతుంటారన్నది గుర్తుంచుకుంటే, నేపథ్యంతో నెమ్మదిగా మొదలుపెట్టే వ్యాస పద్ధతి ఇక్కడ ఎందుకు పనికిరాదో తెలుస్తుంది.

అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పాకు 1975 నుంచి 1977 వరకు అధిపతిగా ఉన్న జార్జ్ హైల్మయర్, తన ముందుకు వచ్చిన ప్రతి పథకాన్నీ కొన్ని ప్రశ్నలతో పరీక్షించేవారు. మీరు ఏం చేయదలచుకున్నారో సాంకేతిక పదాలు లేకుండా చెప్పండి, ఇవాళ అది ఎలా జరుగుతోంది, అందులో లోటేమిటి, మీ పద్ధతిలో కొత్తదేమిటి, అది నెగ్గుతుందని ఎందుకు అనుకుంటున్నారు, నెగ్గితే ఎవరికి మేలు, ఎదురయ్యే ప్రమాదాలేమిటి, ఖర్చెంత, కాలమెంత, పని సరిగా సాగుతోందని మధ్యలోనూ చివరిలోనూ ఎలా తెలుస్తుంది అన్నవి ఆ ప్రశ్నల సారాంశం. మీరు మొదటి పేరాను పక్కన పెట్టి, వీటికి ఒక్కొక్క ప్రశ్నకు రెండు మూడు వాక్యాల్లో జవాబులు రాయండి. జవాబు రాని ప్రశ్న దగ్గర మీ ప్రణాళికలోనే ఖాళీ ఉంది. భాష దిద్దినంత మాత్రాన అది పూడదు.

ఆ ఒక్క పుటను మీ రంగం కాని సహోద్యోగికి ఇచ్చి, చదివిన తరువాత కాగితం చూడకుండా మీ పని గురించి తిరిగి చెప్పమనండి. వారు చెప్పలేకపోయిన చోట మళ్లీ రాయాలి. మొత్తం ప్రతిపాదన పూర్తయ్యాక, గడువుకు రెండు రోజుల ముందు చూపించే అలవాటు చాలామందికి ఉంది. అప్పుడు చదివినవారు అక్షరదోషాలు తప్ప మరేమీ చెప్పరు, చెప్పినా మీరు మార్చలేరు.

ప్రశ్న: ఇద్దరు పిల్లల పెంపకం వల్ల నా పరిశోధనలో కొన్నేళ్లు విరామం వచ్చింది. ప్రచురణల జాబితా చూసి మొదటే పక్కన పెట్టేస్తారేమో?

జవాబు: మీ భయం నిరాధారమని అనను. కెనడా ఆరోగ్య పరిశోధన నిధులపై 2019లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన అధ్యయనంలో, ప్రతిపాదించిన విజ్ఞానాన్ని ప్రధానంగా చూసి మార్కులు వేసిన పథకంలో స్త్రీ పురుషుల విజయశాతాల మధ్య తేడా 0.9 పాయింట్లు ఉండగా, పరిశోధకుడి స్థాయిని ప్రధానంగా చూసిన పథకంలో అది 4.0 పాయింట్లకు పెరిగింది. కాబట్టి మూల్యాంకన ప్రమాణాలను ముందే చదివి, ప్రాజెక్టు నాణ్యతకు ఎక్కువ మార్కులున్న పథకాన్ని ఎంచుకోండి. చాలా సంస్థలు ప్రసవ, శిశు సంరక్షణ విరామాలకు అర్హత కాలాన్ని పొడిగిస్తాయి. ఐరోపా పరిశోధన మండలి తల్లులకు ఒక్కొక్క బిడ్డకు కనీసం 18 నెలల పొడిగింపు ఇస్తుంది. విరామాన్ని దాచకుండా, క్షమాపణ స్వరంలో కాకుండా, తేదీలతో ఒక్క వాక్యంలో రాయండి.

ప్రశ్న: సమీక్షలు అంత అనిశ్చితమైనవని మీరే అంటారు. అలాంటప్పుడు అధ్యాపకులను ఈ పోటీలోకి నెట్టడం వారి కాలాన్ని వృథా చేయడం కాదా?

జవాబు: నెట్టడం తప్పేనని నేనూ అంటాను. నిధి లేకుండానే చక్కగా సాగుతున్న పనిని ఆపి, సంస్థ ప్రతిష్ఠ కోసం ప్రతిపాదన రాయమని ఎవరినీ ఒత్తిడి చేయకూడదు. వ్యవస్థలోని అనిశ్చితిని కొన్ని నిధుల సంస్థలు కూడా బాహాటంగా ఒప్పుకున్నాయి. న్యూజీలాండ్ ఆరోగ్య పరిశోధన మండలి తన ఎక్స్‌ప్లోరర్ గ్రాంట్లు అనే నిధులను, అర్హమైనవని తేలిన ప్రతిపాదనల మధ్య లాటరీ తీసి ఇవ్వడం 2013లో మొదలుపెట్టింది. స్విట్జర్లాండ్ జాతీయ విజ్ఞాన ఫౌండేషన్, సమాన స్థాయిలో ఉన్నవాటి మధ్య తేల్చలేనప్పుడు చీట్లు తీస్తుంది. బ్రిటిష్ అకాడమీ కూడా 2022లో చిన్న నిధులకు ఇలాంటి పద్ధతినే ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. ఇది న్యాయమైన మార్పని నా అభిప్రాయం.

అయితే అర్హత గీత దాటగల ప్రతిపాదన రాయగలిగినవారికి అనిశ్చితి చెప్పే మాట ఒకటే, ఒక్క ప్రయత్నంతో ఆగకూడదని. నిధి లేనిదే ముందుకు సాగని పని మీ చేతిలో ఉంటే, దరఖాస్తు చేయకపోవడం వల్ల పోయేది మరింత ఎక్కువ. ప్రతిపాదన కోసం చదివిన సాహిత్యం, కుదుర్చుకున్న సహకారాలు, వేసిన ప్రయోగ ప్రణాళిక తిరస్కరణతో రద్దు కావు, అవి తరువాతి వ్యాసానికో, మరో పథకానికో పనికివస్తాయి. శ్రమకు హద్దు పెట్టుకోవడం మాత్రం అవసరమే. ఆస్ట్రేలియా అధ్యయనంలో ఎక్కువ రోజులు వెచ్చించినవారికి ఎక్కువ నిధులు వచ్చిన దాఖలా కనిపించలేదు. ఒక స్థాయి దాటాక మెరుగులు దిద్దడం మాని పంపించేయడమే మంచిది.

ప్రశ్న: నేను విశ్వవిద్యాలయ పరిశోధన కార్యాలయంలో పనిచేస్తాను, పరిశోధకుడిని కాను. అధ్యాపకులకు నా వైపునుంచి ఏం చేయగలను?

జవాబు: మీరు అనుకుంటున్న దానికంటే చాలా ఎక్కువ చేయగలరు. ప్రకటన మొత్తాన్నీ ముందుకు పంపే బదులు, ఎవరు అర్హులు, ఎంత మొత్తం, ఎన్నాళ్లకు, సంస్థ తరఫున ఎవరి సంతకాలు కావాలి అన్న వివరాలను ఒక పుటలో రాసి, అది ఎవరి పరిశోధనకు సరిపోతుందో ఆ కొద్దిమందికే పంపండి. జీతాలు, ఓవర్‌హెడ్ (సంస్థ నిర్వహణ ఖర్చుల వాటా), పరికరాల కొటేషన్లు, నైతిక అనుమతులు, డేటా నిర్వహణ ప్రణాళిక వంటివి ప్రతి దరఖాస్తులోనూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. వాటి నమూనాలు మీ దగ్గర సిద్ధంగా ఉంటే, అధ్యాపకులు తమ రోజులను అసలు ఆలోచన మీద పెట్టగలుగుతారు. సంస్థ లోపలి గడువును అసలు గడువుకు కనీసం రెండు వారాల ముందు పెట్టి, దానికి కట్టుబడండి.

ఇంకొక పని మీరు తప్ప మరెవరూ చేయరు. ఫలితాలు వచ్చిన రోజున కార్యాలయాలు గెలిచినవారి పేర్లు ప్రకటించి ఊరుకుంటాయి. మీరు ఆ వారంలోనే రానివారికి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, వ్యాఖ్యలు అందాయా అని అడిగి, వాటిని కలిసి చదవడానికి ఒక తేదీ అడగండి. అప్పటికి వారు మాట్లాడే స్థితిలో లేకపోతే నెల తరువాతి తేదీ తీసుకోండి. ఆ తేదీన వెళ్లేటప్పుడు, అదే ప్రతిపాదన సరిపోయే మరో రెండు పథకాల వివరాలు, వాటి గడువులు వెంట పట్టుకెళ్లండి.